తిరగేసిన కొమ్మ

"ఎనిమిదిన్నరకి నాకు ఫస్ట్ బెల్లు. అడగాల్సింది త్వరగా అడగండి," అంది తాయారు, కుర్చీ అంచున కూర్చుని.

నిన్నటి నుంచి ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళలో ఈమె నాలుగో మనిషి. అంతకుముందు ముగ్గురూ ఇలాగే అంచున కూర్చున్నారు, ముగ్గురూ ఒకటే పాట పాడారు. కామరాజు మేష్టారు దేవుడిలాంటి మనిషండీ. ఆ మౌలాలి ఇంత పని చేస్తాడనుకోలేదండీ. ఇక వెళ్ళొస్తామండీ. వినీ వినీ నాకు తల వాచిపోయింది.

గోడ పక్క బెంచీ మీద రషీదా కూర్చుని ఉంది, కదలకుండా. మౌలాలి భార్య. పూర్ణా మార్కెట్ దగ్గర సైన్‌బోర్డులు రాసుకునే మౌలాలిని ఆదివారం సాయంత్రం పోలీసులు పట్టుకెళ్ళారు. సోమవారం తెల్లారేసరికి ఆమె మద్దిలపాలెంలో, సైకిల్ షాపు మీదున్న నా డిటెక్టివ్ ఆఫీసు గుమ్మంలో ఉంది. "ఆయన సెయ్యి సార్. ఆ సెయ్యే మాకు కూడు పెడతాది. లోపల దానికేటైనా అయిపోతే మేం ఏటైపోవాల?" అంది. ఆ మాట నిన్నటి నుంచి నా చెవిలోంచి పోలేదు. అరెస్టు నిన్న సాయంత్రమని కాగితాల్లో రాసుకుని, ఇవాళ సాయంత్రం నాలుగింటికి అతన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడుతున్నారు. హత్యకేసులో ఒకసారి రిమాండ్ పడిందంటే బయటికి రావడం ఎప్పటికో, వచ్చాక బోర్డు రాయమని పిలిచేదెవరో నేను ఆమెకి చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా, ఆమెకే తెలుసు.

కేసు చూస్తే చాలా చిన్నది. కామరాజు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పేవాడు. ఆదివారం వచ్చిందంటే పాత ఊళ్ళ మధ్య పాత కాలిబాటలు వెతుక్కుంటూ నడిచే సంఘం ఒకటి పెట్టాడు. సిటీ బస్సులు తిరిగే రోజుల్లో కాళ్ళు అరగదీసుకోవడం ఏం సరదానో నాకు తెలీదు. నా కుడిమోకాలు ఆ సరదాకి ఎప్పుడో స్వస్తి చెప్పింది. నడిచేవాళ్ళు దారి తప్పకుండా రాళ్ళ మీద పసుపు బాణాలు వేయించారు. వేసింది మౌలాలి. మొన్న శనివారం మేష్టారు మార్కెట్లో అతన్ని పట్టుకుని, బాణాలు ఇంతింత వేసి పాత రాళ్ళన్నీ పాడుచేశావని నలుగురిలో కేకలేశాడు. మౌలాలీ తగ్గలేదు. "నా గీత జోలికొస్తే బాగుండదు మేష్టారూ" అన్నాడు. మర్నాడు భీమిలి దారిలో, తాటిగట్టు అనే ఊరి వెనక కొండ మీద, కనుమ పక్కనున్న పాత రాతి క్వారీలో మేష్టారి శవం దొరికింది. క్వారీ అంచుకి తీసుకెళ్తూ ఒక పసుపు బాణం ఉంది. ఇనస్పెక్టర్ త్రినాథరావుకి ఇంకేం కావాలి?

నాకు మాత్రం రెండు విషయాలు మింగుడు పడటం లేదు. దారి కనిపెట్టిన మనిషే ఆ దారిలో బాణం చూసుకుని నడుస్తాడా? రెండోది, అసలాయన కొండ ఎలా ఎక్కాడు? ఆరింటికల్లా ప్రాణం పోయిందని డాక్టరు రాశాడు. సంఘం వాళ్ళు వచ్చింది ఎనిమిదింటికి. తాటిగట్టు వైపు కొండదారి మొదట్లోనే టీకొట్టు ఉంది, చీకటితోనే పొయ్యి వెలిగిస్తారు. మేష్టారు గానీ, ఇంకో నరమానవుడు గానీ అటు ఎక్కలేదని కొట్టువాడు ఒట్టేసి చెప్పాడు. ఇక మిగిలింది సముద్రం వైపు దారి. అక్కడ సరుగుడు తోట చుట్టూ కంచె వేసి ఆ దారి మూసేసి ఏడాదయింది. గేటు తాళంచెవి తోట కాపలావాడు నూకాలు మొలతాడుకి ఉంటుంది.

అందుకే నిన్న పొద్దున్న ఆ టీకొట్లో కూర్చుని, "సాయంత్రం నూకాలుని కలుస్తా. ఆదివారం గేటు ఎవరికి తీశాడో వాణ్ణే అడుగుతా," అన్నాను. పక్కనే గవర్రాజు ఉన్నాడు. సంఘం కోశాధికారి. పుట్టింది తాటిగట్టులో, ఉండేది సిటీలో, చేసేది కంకర కాంట్రాక్టు. నన్ను టీ డబ్బులు తియ్యనివ్వకుండా తనే ఇచ్చి, "అడగండి బావా, అడగాల్సిందే," అన్నాడు. సాయంత్రం వెళ్ళాను. నూకాలు గుడిసెకి తాళం. అరగంట పిలిచాను. కోళ్ళు తప్ప పలికిన ప్రాణి లేదు. చిర్రెత్తుకొచ్చి, తాగుబోతు వెధవ అని తిట్టి, తలుపుని ఒక్క తన్ను తన్ని వచ్చేశాను. తన్నింది కుడికాలితో. రాత్రంతా మోకాలు నన్ను తిట్టింది.

"ఆదివారం జరిగింది మొదట్నించీ చెప్పండి," అన్నాను తాయారుతో. బళ్ళో టీచరు, సంఘంతో పాటు నడిచే మనిషి.

"ఏముందండీ. ఎనిమిదింటికి బస్సు దిగాం. గవర్రాజు గారు అప్పుడే జీపులో వచ్చారు. మేష్టారు కనబడలేదు. 'ముందే ఎల్లుంటార్లెండి, పదండి,' అన్నారు గవర్రాజు గారు. ఎక్కాం. కనుమలో కొమ్మలు వేశాం. ఆ తర్వాత మాలో ఒకాయన క్వారీ చూద్దామని వెళ్ళి..."

"కొమ్మలేమిటి?"

"మీకు చెప్పలేదా ఎవరూ?" ఆశ్చర్యంగా చూసింది. "కనుమలో కొమ్మలమ్మ ఉందండీ. గుడి లేదు, విగ్రహం లేదు. కొమ్మల కుప్పే అమ్మవారు. కొండ దాటేవాళ్ళు ఒక పచ్చికొమ్మ వేసి దాటాలి. ప్రతి నడకలోనూ గవర్రాజు గారు దీని మీద పెద్ద క్లాసు పీకుతారు." ఆమె గొంతు బొంగురుగా మార్చింది. "'పైకొచ్చాక ఇరిస్తే సెల్లదండీ. ఎక్కే కాడే, కిందే ఇరిసి మోసుకురావాల. ఏ పక్క నుంచొత్తే కుప్పకి ఆ పక్కే ఎయ్యాల. ఆకులు పైకి, మొదలు కిందకి. పొద్దుకి మనిషికి ఒకటే.' మా పిల్లలకి నేను ఎక్కాలు కూడా అలా చెప్పను."

బెంచీ మీద రషీదాకి నవ్వు రాలేదు. నాకూ రాలేదు.

"మొదలు పైకి వేస్తే ఏమవుతుందట?"

"అది చచ్చిపోయినవాళ్ళకి. దారిలో ఎవరైనా పోతే, చూసినవాడు వాళ్ళ పేరున ఒక కొమ్మ అలా తిరగేసి వెయ్యాలి. పోయినవాళ్ళు ఒక్కొక్కరికి ఒక్కటే, అదీ ఒక్కసారే. వెయ్యకపోతే పోయినవాడు వెనకాలే నడుచుకుంటూ ఇంటికి వచ్చేస్తాడట. గవర్రాజు గారు ఇది చెప్పేటప్పుడు ఉపన్యాసంలా ఉండదు. నిజంగా భయపడతారు ఆయన."

"ఆదివారం అందరూ వేశారా?"

"వేశాం. ఊరివైపంతా జీడిమామిడి తోటలే కదా, అందరం జీడికొమ్మలే." సంచి భుజాన వేసుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "గవర్రాజు గారు తప్ప."

"ఏమన్నారు?"

"ఆయన ఉత్త చేతులతో దాటేశారు. ఏమండీ, అమ్మవారి మీద అలిగారా అని ఏడిపించాను కూడా. విననట్టు వెళ్ళిపోయారు."

"ఈ మాట నిన్న మీ ఇంటికొచ్చినప్పుడు చెప్పొచ్చు కదమ్మా!"

"నిన్న మీరు బాణాల గురించే అడిగారు," అని మెట్లు దిగిపోయింది.

తల బాదుకోవడానికి గోడ దగ్గర్లోనే ఉంది గానీ, రషీదా చూస్తోంది.

తాటిగట్టు చేరేసరికి పది దాటింది. కొండ మొదట్లో పోలీసు జీపు ఆగి ఉంది. పంచనామా కోసం మౌలాలిని తీసుకొచ్చారు. నడుముకి తాడు, ఆ తాడు కొస కానిస్టేబుల్ జగ్గారావు చేతిలో ఉంది. గవర్రాజు ఊరి పెద్దమనిషి హోదాలో సాక్షిగా వచ్చి, అందరికీ సోడాలు కొట్టిస్తున్నాడు.

"వచ్చేవా బావా!" అన్నాడు త్రినాథరావు. "కొండెక్కగలవేటి? మోకాలు ఒప్పుకుందా?"

త్రినాథరావూ నేనూ ఒకే బ్యాచ్‌లో ట్రెయినింగ్ అయ్యాం. నేను రాజీనామా చేసి బయటికొచ్చాను, అతను లోపలే ఉండి నక్షత్రాలు పెంచుకున్నాడు. నేను దొంగని చూపించిన ప్రతిసారీ పేపర్లో ఫొటో మాత్రం అతనిదే పడింది.

నేను మౌలాలి చేతులు చూశాను. కుడిచేతి రెండు వేళ్ళు వాచి ఉన్నాయి.

"ఈ వేళ్ళకేమయింది?"

"తలుపు సందులో పడ్డాయట," అన్నాడు త్రినాథరావు.

"ఏ తలుపు?"

"మా తలుపులు గట్టివి బావా. జాగ్రత్తగా ఉండాల."

నాకు ఒళ్ళు మండిపోయింది. మౌలాలి తల ఎత్తకుండానే, "రషీదాకి సెప్పకండి సార్," అన్నాడు. అంతే. నేను చేయలేదు అనలేదు, కాపాడమనలేదు. ఆ రెండూ చెప్పీ చెప్పీ అలిసిపోయినట్టున్నాడు.

గవర్రాజు నాకూ ఒక సోడా ఇచ్చాడు. పుచ్చుకున్నాను.

"ఆదివారం జీపు ఏ దారిన తెచ్చావు గవర్రాజూ?"

"ఊరి రోడ్డే బావా. ఇంకే దారుంది?"

"బీచ్ వైపు నుంచి ఇంకో దారి ఉందిగా."

"అటు కంచె కట్టేసేరు కదా. గేటుకి తాళం."

"తాళం నూకాలు దగ్గర ఉంది. నూకాలు నాకు దొరకలేదు."

"ఆడా! తాగి ఏ తుప్పల్లోనో పడుంటాడు. ఆడి సంగతి ఊరంతటికీ ఎరికే." నవ్వాడు. నవ్వుతూనే పక్క చెట్టుకున్న రెండు పాయల జీడికొమ్మ ఒకటి ఫట్‌మని విరిచి భుజాన వేసుకున్నాడు. "నాను ముందెల్తన్నాను. మీరు మెల్లగా రండి బావా, రాళ్ళు జారతన్నాయి."

మెల్లగా కాక నేనింకెలా వస్తాను? సగం ఎక్కేసరికే మోకాలు మొరాయించింది. త్రినాథరావు ప్రతి మలుపులోనూ నా కోసం ఆగినట్టు నటించి, నేను దగ్గరికి రాగానే కదిలేవాడు. ఈ ఆట అతను ట్రెయినింగ్‌లో కూడా ఆడేవాడు.

కనుమకి కొంచెం ముందు దారి రెండుగా చీలింది. కుడివైపు కనుమకి, ఎడమవైపు క్వారీకి. ఎడమవైపు రాయి మీద పసుపు బాణం.

"ఇదిగో, నీ క్లయింటు సంతకం," అన్నాడు త్రినాథరావు.

జేబులోంచి తాళంచెవి తీసి బాణం గీకాను. పసుపు లేచింది, కింద నల్లరాయి బయటపడింది. నాలుగడుగులు వెనక్కి నడిచి అంతకుముందున్న బాణం గీకాను. పసుపు కింద తెలుపు, తెలుపు కింద రాయి.

"మౌలాలీ, నువ్వు రాయి మీద పసుపు ఎలా వేస్తావు?"

"ముందు తెల్ల కోటింగు ఎయ్యాల సార్. అది ఆరినాక పసుపు. లేపోతే నల్లరాయి మీద పసుపు ఎత్తదు, మాసిపోయినట్టుంటాది."

"చూశావా త్రినాథం? దారి పొడుగునా తెలుపు మీద పసుపు. ఇదొక్కటే ఉత్త పసుపు. ఇది మౌలాలి వేసింది కాదు."

"చంపడానికి వేసే బాణానికి రెండు కోటింగులు ఎవడేస్తాడు బావా? తొందర్లో తెలుపు మానేశాడు."

"రంగు డబ్బాలు మిగిలినవి ఎవరి దగ్గరున్నాయి? సంఘం కోశాధికారి ఇంట్లో. నేను అడిగాను. నువ్వు అడిగావా?"

"గవర్రాజు మీద పడ్డావా ఇప్పుడు?"

"పాతకాలపు కట్టడాల ఇటుకలున్నాయి, ఈ కొండని కాపాడండని పురావస్తుశాఖకి అర్జీ పెట్టింది కామరాజు. మూతపడ్డ ఈ క్వారీ మళ్ళీ తెరిపించుకోవాలని తిరుగుతున్నది గవర్రాజు. అర్జీ గెలిస్తే క్వారీ లేదు."

"ఆ ముక్క ఊళ్ళో చంటిపిల్లకీ తెల్సు. ఆళ్ళిద్దరూ ఒకే కంచంలో తినేవోళ్ళు. శవం దగ్గర గవర్రాజు ఏడ్చిన ఏడుపు నాను సూశాను." త్రినాథరావు గడియారం చూసుకున్నాడు. "నాలుగింటికి కోర్టు. నీ రాళ్ళు గీకుడు అయితే కదులు."

గోడతో మాట్లాడితే కనీసం అది గడియారం చూసుకోదు. మౌలాలి ఆ బాణం వంకే చూస్తున్నాడు. "వంకర కూడా సార్," అన్నాడు మెల్లగా, తన మీద పడ్డ నేరం కన్నా ఆ వంకరే ఎక్కువ బాధపెట్టినట్టు.

కనుమ చేరాం. అటు సముద్రం, ఇటు తాటిగట్టు, మధ్యలో నడుమెత్తు కుప్ప. కుప్పకి ఊరివైపు భాగం సగానికి పైగా ఖాళీ. దాని పక్కన మూడు రాళ్ళు, మధ్యలో బూడిద. జగ్గారావు మౌలాలి తాడుని ఒక రాయికి కట్టేసి, అప్పుడే అక్కడ కూర్చుని గిన్నెలో నీళ్ళు పోస్తున్నాడు.

"ఇక్కడి కొమ్మలేవయ్యా?" అన్నాను.

"టీ పెట్టుకున్నాం సార్. ఆదివారం, సోమవారం ఇక్కడే కాపలా కదా. ఎండు పుల్లలు బాగా మండుతున్నాయి."

త్రినాథరావు వైపు తిరిగాను. "త్రినాథం! నీ సాక్ష్యం నీవాళ్ళు తాగేశారు!"

"సెత్తకుప్ప కూడా సాచ్చెమేటి బావా?"

గవర్రాజు మొహం మాడ్చుకుని క్వారీ వైపు తిరిగి నిలబడ్డాడు. కుప్ప మీద టీ కాయడం అతనికి నచ్చలేదని తెలుస్తూనే ఉంది, కానీ పోలీసుల్ని ఏమనగలడు?

"ఏ పక్క నుంచి తీశారు?" అన్నాను జగ్గారావుతో.

"ఈ పక్కే సార్. అటు పక్క పైన పచ్చివి ఉన్నాయి. పొగొత్తాదని ముట్టుకోలేదు."

పచ్చివి. సముద్రం వైపు, ఏడాదిగా మూసేసిన దారి వైపు, పచ్చివి. మోకాలి సంగతి మర్చిపోయి అటు పరుగెత్తాను.

ఆ వైపు కుప్పంతా ఏడాది నాటి ఎండు సరుగుడే, ముట్టుకుంటే రాలిపోతోంది. దాని మీద మూడు పచ్చి సరుగుడు కొమ్మలు. రెండు పక్కపక్కన, ఆకులు పైకి పెట్టి ఉన్నాయి. మూడోది ఆ రెండింటి మీద అడ్డంగా. దాని మొదలు పైకి ఉంది.

నేను వంగి దాని మొదలు మళ్ళీ చూశాను. ఇంత సులువుగా ఉన్నదాని కోసం రెండు రోజులు బాణాల వెంట తిరిగాను.

"త్రినాథం, ఇటు రా. ఇవి ఏ కొమ్మలు?"

"సరుగుడు. అయితే?"

"ఊరివైపు సరుగుడు లేదు. ఇవి సముద్రం వైపు కింద విరిచి మోసుకొచ్చినవి. గేటు తీయించుకుని ఇద్దరు ఎక్కారు. ఇద్దరూ పద్ధతిగా చెరొక కొమ్మ వేశారు. మేష్టారు ఈ ఊళ్ళ ఆచారాలంటే ప్రాణం పెట్టే మనిషి, ఆయన వేస్తాడు. రెండోవాడు ఈ ఊళ్ళో పుట్టినవాడు, వెయ్యకుండా దాటలేడు. దిగింది ఒక్కడే. దిగేముందు ఈ మూడోది వేశాడు, తిరగేసి. పోయినవాడి పేరున. అంటే మేష్టారు పోయాడని, శవం దొరక్కముందే వాడికి తెలుసు."

"ముందే ఏశాడని ఎలా సెప్తావ్?"

"శవం దొరికిన దగ్గర్నించీ ఇక్కడ నీ కాపలా ఉంది. ఆ తర్వాత సముద్రం వైపు నుంచి ఎవరైనా వచ్చారా?"

జగ్గారావు తల అడ్డంగా ఊపాడు.

"ఆదివారం ఎనిమిదింటికి సంఘంతో పాటు ఎక్కినప్పుడు గవర్రాజు కొమ్మ వెయ్యలేదు," అన్నాను గొంతు తగ్గించి. "పొద్దుకి మనిషికి ఒకటే. అప్పటికే వేసేశాడు కాబట్టి."

త్రినాథరావు ఒక్క క్షణం ఆ కొమ్మల్ని చూశాడు. ఆ ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది. అతను వెంటనే పకపకా నవ్వాడు.

"జడ్జిగారి ముందు ఈ పుల్లలు పెడతావేటి బావా? గాలికి తిరిగిపోయిందంటే ఏం సెప్తావ్? మేకలోడెవడో కంచె దూరొచ్చి ఏశాడంటే ఏం సెప్తావ్? ఒరే జగ్గా, టీ అయిందా? తాగేసి దిగిపోదాం."

అక్కడ నా ఓపిక అయిపోయింది. అతను చెప్పింది నిజం, అదే నా మంట. పుల్లలు కోర్టులో మాట్లాడవు. నూకాలు మాట్లాడేవాడు, వాడు లేడు. మౌలాలి రాయి మీద కూర్చుని వాచిన వేళ్ళు మెల్లగా ముడవడానికి ప్రయత్నిస్తున్నాడు. ముడవలేకపోతున్నాడు. ఆ చేతితో కుంచె పట్టుకోవడం ఎలాగో మళ్ళీ నేర్చుకోవాలేమో. సాయంత్రం రషీదాకి నేనేం చెప్పాలి?

"పుల్లలు సాలవు సార్," అన్నాడు జగ్గారావు పొయ్యి ఊదుతూ. "నీళ్ళు మరగట్లేదు."

నాకు తాయారు మాట గుర్తొచ్చింది. నిజంగా భయపడతారు ఆయన.

"ఇవున్నాయిగా," అన్నాను గట్టిగా, అందరికీ వినబడేలా. "మీ సారు ఎలాగూ చెత్త అంటున్నారు. పచ్చివైతేనేం, పొగొచ్చినా మండుతాయి. పైనున్న ఆ అడ్డకొమ్మ తీసి పడెయ్."

"బావా, నీకు మతి..." అని త్రినాథరావు మొదలుపెట్టాడు.

జగ్గారావు లేచి వచ్చి, తిరగేసి ఉన్న సరుగుడు కొమ్మని ఎత్తాడు. రెండుగా విరవబోయాడు.

"ఏయ్! ఒదిలెయ్! ఒదిలెయ్ దాన్ని!"

గవర్రాజు క్వారీ వైపు నుంచి ఒక్క దూకున వచ్చి జగ్గారావు చెయ్యి పట్టుకున్నాడు. మొహం తెల్లబోయింది. "అది మేష్టారి పేరున ఏసింది! కాల్చేత్తే ఆయన నా ఎనకాలే వచ్చేత్తాడు!"

పొయ్యి మీద గిన్నె ఒకటే చిన్నగా చప్పుడు చేస్తోంది.

"నీ ఎనకాల," అన్నాడు త్రినాథరావు. ఇప్పుడతని గొంతులో నవ్వు లేదు. "నీ ఎనకాలే ఎందుకొత్తాడు గవర్రాజూ?"

గవర్రాజు జగ్గారావు చేతిలోంచి కొమ్మ లాక్కున్నాడు. తీసుకెళ్ళి, అంతకుముందు ఎలా ఉందో అలాగే, మొదలు పైకి పెట్టాడు. పెట్టాక చెయ్యి దాని మీదే ఉంచి కూర్చుండిపోయాడు.

"అర్జీ ఎనక్కి తీసుకోమన్నాను," అన్నాడు ఆ కొమ్మతోనే చెప్తున్నట్టు. "తెల్లారగట్ల తీసుకొచ్చి క్వారీ సూపించి బతిమాలాను. సంపాలని తేలేదు. నా మాట నమ్ము బావా, సంపాలని తేలేదు. మాటా మాటా పెరిగింది. ఒక్క తోపు."

"తర్వాత ఆ బాణం?" అన్నాను.

"జీపులో డబ్బా ఉంది. కిందకెల్లి అదీ, ఈ కొమ్మా కలిపి తెచ్చాను."

సంపాలని తేలేదట. కానీ ఇంకొకడి మెడకి చుట్టడానికి బాణం మాత్రం గుర్తొచ్చింది. నాకు అతని మీద జాలి వెయ్యబోయి ఆగిపోయింది.

త్రినాథరావు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. నా వైపు చూడలేదు. "జగ్గారావూ, మౌలాలి తాడు విప్పు," అన్నాడు. రేపు పేపర్లో మళ్ళీ అతని ఫొటోయే వస్తుందని నాకు తెలుసు. రానీ. రషీదా పేపరు చదవదు, గుమ్మం వంక చూస్తుంది.

తాడు విప్పగానే మౌలాలి లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలీక, కుప్పకి ఊరివైపు వెళ్ళి కిందకి చూశాడు. "సార్," అన్నాడు. "ఈయన ఇయ్యాల రెండు ఏశారేటి?"

వెళ్ళి చూశాను. సగం కాలిపోయిన ఆ వైపు కుప్ప మీద, ఆదివారం నాటి వాడిన కొమ్మల పైన, పచ్చి జీడికొమ్మలు రెండు. పొద్దున్న గవర్రాజు కింద విరిచిన రెండు పాయల కొమ్మని చీల్చినవే, చీలిన చోట జీడిపాలు ఇంకా తడిగా ఉన్నాయి. మేము చేరకముందే వేసి ఉంటాడు. ఒకటి ఆకులు పైకి. అది అతనిది. రెండోది మొదలు పైకి.

మోకాలి నొప్పి ఒక్కసారిగా మాయమైంది. ఒళ్ళంతా చల్లబడితే నొప్పి కూడా తెలీదు కాబోలు.

"గవర్రాజూ," అన్నాను. "మేష్టారి కొమ్మ అటుపక్క ఉంది. ఒక్కొక్కరికి ఒక్కటే, ఒక్కసారే. మరి ఇవాళ తిరగేసింది ఎవరి పేరున?"

అతని కళ్ళు కింద సరుగుడు తోట వైపు, కంచె పక్కనున్న గుడిసె వైపు వెళ్ళాయి. వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చాయి.

నూకాలుని కలుస్తానని టీకొట్లో వీడి ఎదుటే చెప్పింది నేను. సాయంత్రం ఆ తాళం ముందు అరగంట నిలబడి, లోపలున్న మనిషిని నోటికొచ్చినట్టు తిట్టి, తలుపు తన్ని వచ్చిందీ నేనే.